కంపవాత రోగులు పడిపోకుండ వ్యాయామ శిక్షణ: పంచాయతీల కర్తవ్యము

(భద్రాచలము పరిసర గ్రామ పంచాయతీల సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల సభలలో సాధారణముగ రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు ముచ్చటించుచుందుము. నేడు మేము మీ ముందు ఉంచదలచిన విషయము ఊరందరి కంటబడునది కాదు. ఊరిలో ఏ ఒకటి రెండు ఇండ్లలోనో, వసారాలో గోడ ప్రక్కన, చప్పుడు లేకుండ సాగుచున్న బాధ అది. చేతులు వణకుచు, అడుగులు తడబడుచు, మాటిమాటికి పడిపోవుచున్న పెద్దల విషయము.

కొన్ని నెలల క్రిందట మేము ప్రచార కార్యక్రమము నిమిత్తము చర్ల వైపున అడవి అంచునగల ఒక గూడెమునకు పోయియుంటిమి. కళాజాత ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు మమ్ము తన ఇంటికి పిలిచినది. ఆమె భర్త నులక మంచముపై పరుండి యున్నాడు. తుంటి ఎముక విరిగి మూడు నెలలైనదట. వాగు పొంగియున్న దినమున నలుగురు మనుష్యులు ఆయనను మంచముతో సహా మోసి దాటించినారట. ఆయన పడుట అది మొదటిసారి కాదు. రెండేండ్లుగ పడుచునే యున్నాడు. ఇప్పసారా త్రాగి తూలుచున్నాడని ఊరివారు నవ్విరి. "తాతా, మళ్ల తాగినవా?" అని సొంత మనుమడే అడిగినాడట. ఆయన సిగ్గుపడి నలుగురిలోనికి వచ్చుట మానినాడు. తునికాకు కోతకు పోవుట మానినాడు. తిరుగుట మానినకొలది కాళ్లలోని బలము పోయినది. బలము పోయినకొలది పడుట హెచ్చినది.

ఆ వృద్ధురాలు మాతో చెప్పిన మాట మేము మరువజాలము. "కాళ్లు గడపకు అతుక్కపోతున్నయే అని రెండేండ్ల సంది చెప్తనే ఉన్నడయ్యా. మేమెవ్వరం ఇనలే."

కాళ్లు గడపకు అతుకుకొని పోవుట కట్టుకథ కాదు, త్రాగుడు వలన వచ్చినది కాదు. అది ఒక వ్యాధికి గుర్తు. ఆ మాటను విన్నవాడెవడైన ఆనాడే ఊరిలో నుండినయెడల, ఆ ఎముక విరుగకుండ కాపాడుటకు అవకాశము ఉండెడిది.

వ్యాధి యెట్టిది?

లండను నగర వైద్యుడైన జేమ్స్ పార్కిన్సన్ 1817వ సంవత్సరమున ఈ వ్యాధిని వర్ణించి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. కావున దీనికి పార్కిన్సన్ వ్యాధియని పేరు వచ్చినది. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11వ తేదీని నేడు ప్రపంచమంతట ఈ వ్యాధి దినముగ జరుపుచున్నారు. మన ఆయుర్వేద వైద్యులు కంపవాతమని చెప్పునది ఇట్టి లక్షణములు గలదే. పల్లెలలో వణుకుడు రోగమందురు. 2019 నాటికి ప్రపంచమున 85 లక్షలకు పైగా జనులకు ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

మన మెదడులో ఒక చిన్న భాగమున నల్లని కణముల గుంపు కలదు. అది డోపమిన్ అను ద్రవ్యమును తయారుచేయును. శరీరము తనంతట తాను సాఫీగ కదలుటకు ఈ ద్రవ్యము అవసరము. ఏ కారణము చేతనో ఆ కణములు క్రమక్రమముగ నశించుటచే డోపమిన్ తగ్గిపోవును. అప్పుడు పనులు మందగించును, అవయవములు బిగుసుకొనును, ఊరక కూర్చున్నపుడు చేయి వణకును. నడచునపుడు ఒక చేయి ఊగుట మానును. మాట సన్నగిల్లును, ముఖమున భావము తగ్గును, వ్రాత చిన్నదగును. వణకు లేకుండనే ఈ వ్యాధి గలవారును ఉన్నారు. కావున చేయి వణకలేదు గనుక ఇది ఆ వ్యాధి కాదని తీర్మానించుట తగదు. ఇది అంటువ్యాధి కాదు. చేతబడి కాదు. ఎవరి పాపఫలమును కాదు.

ఎందుకు పడుదురు?

ఆరోగ్యవంతునికి కాలు జారినపుడు ఆలోచన లేకయే రెండవ కాలు ముందుకు పడి శరీరమును నిలుపును. కంపవాత రోగికి ఈ సహజ రక్షణ సన్నగిల్లును. నడుము ముందుకు వంగును, అడుగులు చిన్నవై నేలను రాచును. గడప దాటునప్పుడు, ఇరుకు త్రోవలో, వెనుకకు తిరుగునప్పుడు కాళ్లు అకస్మాత్తుగ నిలిచిపోవును. శరీరము మాత్రము ముందుకు సాగును. అప్పుడే పడుట. పరుండి చటుక్కున లేచినపుడు రక్తపుపోటు పడిపోయి కండ్లు తిరిగి పడుటయు కలదు.

ఈ వ్యాధి గలవారిలో నూటికి సుమారు 60 మంది ఒక సంవత్సరములో ఒకమారైన పడుచున్నారనియు, వారిలో పెక్కుమంది మరల మరల పడుచున్నారనియు పరిశోధకులు తేల్చియున్నారు. దీనికి మందు లేదా యని మీరు అడుగవచ్చును. లెవోడోపా అను మందు బిగువును, మందగొడితనమును బాగుగ తగ్గించును. కాని శరీరపు సమతూకమును నిలుపుటలో దాని ఉపయోగము కొలదియే. మందు చేయలేని ఆ పనిని కొంతవరకు శిక్షణ చేయగలదు. నేటి మా ప్రసంగ సారాంశము ఇదియే.

లెవోడోపాను గూర్చి ఒక మాట. మన అడవులలో తీగలుగ ప్రాకు దూలగొండి మీరెల్లరు ఎరిగినదే. దాని నూగు తగిలినచో ఒళ్లంతయు దురద పుట్టును. ఆ గింజలలో సహజముగనే లెవోడోపా కలదు. దానిని ఆ గింజల నుండి వేరుచేసిన పరిశోధనను మద్రాసు విశ్వవిద్యాలయమునందు దామోదరన్, రామస్వామి అనువారు 1937లో ప్రకటించిరి. అయితే గింజ గింజకు మందు పాళ్లు మారుచుండును. కావున ఇంటిలో నూరి మ్రింగుట ప్రమాదకరము. వైద్యుడు వ్రాసి యిచ్చిన మాత్రలను వేళకు వేసికొనవలయును. వానిని హఠాత్తుగ మానుట మిక్కిలి అపాయము.

శిక్షణ ఫలించునా?

ఈ ప్రశ్నకు ఇప్పుడు నమ్మదగిన సమాధానము కలదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించు కాక్రేన్ సంస్థ 2022లో ప్రకటించిన సమీక్షలో వ్యాయామముపై జరిగిన 12 పరీక్షలను, అందు పాల్గొన్న 1,456 మంది విషయమును పరిశీలించిరి. వ్యాయామము చేసినవారిలో పడుట సుమారు నాల్గవవంతు తగ్గినది. అనగా నూరుమారులు పడుచోట ఇంచుమించు 74 మారులకు తగ్గినదన్నమాట. అమెరికాలోని ఓరిగాన్ రాష్ట్రమున 195 మందితో జరిపి 2012లో ప్రకటించిన పరీక్షలో, చీనా దేశపు తాయ్ చీ అను నిదానపు వ్యాయామమును వారమునకు రెండుమారుల చొప్పున 24 వారములు నేర్పిరి. ఊరక ఒళ్లు సాగదీయు అభ్యాసము చేసినవారికంటె వీరు తక్కువగ పడిరి.

అయితే మరియొక పరీక్షను మీరు ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలయును. ఆస్ట్రేలియాలో 231 మందితో జరిపి 2015లో ప్రకటించిన ఆ పరీక్షలో వ్యాయామమును చాలవరకు ఇంటివద్దనే, శిక్షకుని పర్యవేక్షణ తక్కువగ ఉండునట్లు చేయించిరి. వ్యాధి తేలికగ నున్నవారు వ్యాయామము చేయనివారితో పోల్చగా మూడవవంతుకు లోపుగనే పడిరి. వ్యాధి ముదిరినవారికి మాత్రము మేలు కలుగలేదు సరికదా, పడుట కొంత హెచ్చినట్లు కూడ కనబడినది. దీనివలన మనము తెలిసికొనవలసినవి రెండు. మొదటిది, శిక్షణను వ్యాధి తేలికగ నున్నపుడే మొదలిడవలయును. రెండవది, వ్యాధి ముదిరినవారిని ఒంటరిగ వ్యాయామమునకు విడువరాదు. ప్రక్కన ఒక మనిషి నిలువవలయును. ఆ మనిషిని సమకూర్చుటయే పంచాయతీ చేయగల గొప్ప సాయము.

ఎట్టి వ్యాయామములు?

ముందుగ వైద్యుడు చూచి, ఫిజియోథెరపిస్టు ఆ రోగికి తగిన అభ్యాసమును నిర్ణయింపవలయును. ఆ పిమ్మట గ్రామమున దానిని సాగించుట మన పని. సాధారణముగ నేర్పు అభ్యాసములు ఇవి.

మొదటిది, కూర్చుని లేచుట. గోడకు ఆనించిన గట్టి కుర్చీపై కూర్చుండి, పాదములను వెనుకకు జరిపి, నడుమును ముందుకు వంచి లేవవలయును. నులక మంచము పల్లమై కాళ్లను లోనికి లాగును గనుక అది దీనికి పనికిరాదు. ఇది తొడలకు బలమిచ్చును.

రెండవది, కిటికీ కడ్డీని గాని కట్టిన వెదురు దండెమును గాని పట్టుకొని మడమలను ఎత్తి దించుట. పిదప అదే దండెము వెంట ప్రక్క ప్రక్కకు అడుగులు వేయుట.

మూడవది, పెద్ద అడుగులు వేయుట. నేలపై అడ్డముగ ముగ్గుపిండితో గీతలు గీచి, ఒక్కొక్క గీతను దాటుచు నడువవలయును. చదునైన నేలపై కదలలేక నిలిచిపోవువాడు గీత కనబడగనే దానిని దాటి నడచుట వైద్యులు తరచు చూచుచుండు వింత. తనంతట తాను నడచు మార్గము మెదడులో మూసుకొని పోయినను, కంటికి గురి చూపినచో మరియొక మార్గమున అడుగు పడును. గడప ముందర అట్టి గీతలు రెండు గీచియుంచినచో కాళ్లు అతుకుకొను బాధ చాలమందికి తగ్గును.

నాల్గవది, తిరుగుట. ఉన్నచోటనే గిరుక్కున తిరుగరాదు. ఎడ్లబండి మలుపు తిరుగునట్లు విశాలముగ, చిన్న చిన్న అడుగులతో చుట్టి తిరుగుట అభ్యసింపవలయును.

అయిదవది, బరువును ఒక కాలిపైనుండి మరియొక కాలిపైకి మార్చుచు సమతూకము నిలుపుట. ఇందు పడు ప్రమాదము హెచ్చు గనుక చేతికందునంత దూరమున ఒకరు నిలిచియే చేయింపవలయును.

వీనిని వారమునకు రెండు మూడుమారులు, నెలల తరబడి సాగింపవలయును. పదిదినములు చేసి ఫలము కనబడలేదని మానరాదు. మందు వేసికొని అది బాగుగ పనిచేయుచున్న సమయముననే చేయింపవలయును. ఎండ వేళ తగదు. ఛాతీలో నొప్పి, కండ్లు తిరుగుట, అధిక ఆయాసము కలిగినచో వెంటనే ఆపి కూర్చుండబెట్టి వైద్యునకు తెలుపవలయును.

డోలు చప్పుడు, అడుగుల వరుస

కంటికి గీత యెట్లో చెవికి తాళము అట్లే. సమానమైన చప్పుడు వినుచు నడచినపుడు ఈ రోగుల అడుగు పొడవగుననియు, నడక క్రమపడుననియు పరిశోధనలు చెప్పుచున్నవి. అర్జెంటీనా దేశపు టాంగో నాట్యమును వీరికి నేర్పిన పరీక్షలలో సమతూకము మెరుగుపడినది. మనకు టాంగోతో పనియేమి? కోయ గూడెములలో డోలు కలదు. రేల పాట కలదు. ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని వరుసగ అడుగు కలుపు ఆట కలదు. చిన్ననాటినుండి ఆ అడుగు ఎరిగిన పెద్దవారిని బలమైన ఇద్దరి నడుమ నిలిపి, డోలును నిదానముగ మ్రోగించి నాలుగడుగులు వేయించినచో అది శిక్షణయు అగును, నలుగురిలో కలియుటయు అగును. సిగ్గుచే ఇంట దాగినవారిని వెలుపలికి రప్పించుటకు ఇంతకంటె మంచి ఉపాయము మాకు తోచుటలేదు.

ఇంటివారు పాటింపవలసినవి

రోగి నిలిచిపోయినపుడు చేయి పట్టి లాగరాదు. లాగినచో పడును. "ఆగు తాతా, నిలుచుండు, ఇప్పుడు ఈ గీత దాటు" అని నెమ్మదిగ చెప్పవలయును. నడచునపుడు ముచ్చట్లు పెట్టరాదు, చేతికి చెంబు ఈయరాదు, నెత్తిపై కట్టెలమోపు ఎత్తరాదు. రెండు పనులు ఒకేసారి వచ్చినపుడు వారికి నడక తప్పును. పడకనుండి లేచునపుడు కొంతసేపు అంచున కూర్చుండి, పిదప నిలువవలయును. వాకిట నాచు, స్నానపు బండపై జారుడు, జారిపోవు చెప్పులు, కాలికి తగులు పంచె అంచు, రాత్రివేళ మరుగుదొడ్డికి పోవు త్రోవలోని చీకటి, ఇవియే శత్రువులు. వీనిని తొలగించుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. చేతికర్ర అందరికి మేలు చేయదు. అది తగునో లేదో ఫిజియోథెరపిస్టును అడిగి తెలిసికొనవలయును. వాంతులకు ఇచ్చు కొన్ని మందులు ఈ వ్యాధిని హెచ్చించును గనుక, ఏ చికిత్సకు పోయినను ఈ వ్యాధి కలదని ముందుగ చెప్పవలయును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

సభ్యులారా! మీ వార్డులోని ప్రతి గడపయు మీరెరిగినదే. ఏ ఇంట ఎవరు నడక తగ్గించుకొనిరో మీకు తెలిసినంతగ ఏ ఆఫీసుకు తెలియదు. కావున మొదటి పని మీదే. ఆశా కార్యకర్తతోను, ఏ.ఎన్.ఎం.తోను కూర్చుండి, మాటిమాటికి పడుచున్న పెద్దలెవరో విచారింపుడు. వారి పేర్లను గోడలకెక్కింపక గుట్టుగ ఉంచుడు. పడిన ప్రతివారికి కంపవాతమే యుండదు. వ్యాధి ఏదో నిర్ణయించువాడు వైద్యుడు. భద్రాచలము ఏరియా ఆసుపత్రి మీకు దగ్గరలోనిదే. కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రియందు నరముల వ్యాధుల విభాగము కలదు. దూరము పోలేనివారికి ఈ-సంజీవని ద్వారా ఆరోగ్య కేంద్రమునుండియే వైద్యునితో మాట్లాడు వసతియు ఏర్పడియున్నది.

రెండవ పని, స్థలము. బడి వసారా గాని, పంచాయతీ కార్యాలయపు అరుగు గాని, పల్లె ప్రకృతి వనములోని చదునైన బాట గాని చాలును. నడుము ఎత్తున గట్టి దండెము నొకటి పాతించి, నేలపై రంగుతో అడ్డగీతలు గీయింపుడు. నాలుగు గట్టి కుర్చీలు ఉంచుడు.

మూడవ పని, మనిషి. ఊరిలోని యువకులలోను, స్వయం సహాయక సంఘముల స్త్రీలలోను ఓపిక గలవారిని ఇద్దరిని ఎన్నుకొని, ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టు వద్దకు పంపి, చేయి ఎచ్చట పట్టవలయునో, ఎచ్చట విడువవలయునో నేర్పింపుడు. ఏ దినమున ఎవరు ఎచ్చట పడిరో ఒక పుస్తకమున వ్రాయింపుడు. మూడు నెలల పిదప ఆ పుస్తకమును చూచినచో మన శ్రమ ఫలించినదో లేదో తెలియును. వైద్యునికిని అది ఉపయోగపడును.

నాల్గవ పని, హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునందు పార్కిన్సన్ వ్యాధి పేరు స్పష్టముగ చేర్చబడియున్నది. వైకల్య శాతమును బట్టి ధ్రువపత్రము పొందుటకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఈ సంగతి తెలియక ఊరకున్న కుటుంబములకు దరఖాస్తు పూర్తిచేయించుట మీ బాధ్యతగ భావింపుడు.

అయిదవ పని మన ప్రాంతమునకు ప్రత్యేకమైనది. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించినపుడు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చినది. అట్టి సమయమున మందుల సంచి ఇంట మరచిపోయినచో కంపవాత రోగి రెండు దినములలో కదలలేని స్థితికి రావచ్చును. క్రొత్తచోట, గుంపులో, చీకటిలో పడు ప్రమాదము మరింత హెచ్చు. కావున వరద జాబితాలో వీరి పేర్లు ముందుండవలయును. వీరి మందుల సంచి వీరితోనే కదలవలయును. సహాయ కేంద్రమున వీరికి మరుగుదొడ్డికి దగ్గరగ, దీపమున్న చోట పడక ఏర్పాటు చేయవలయును.

మిత్రులారా! ఈ వ్యాధిని పూర్తిగ మాన్పు మందు నేటికిని లేదు. శిక్షణ వలన ఎవరును ఎన్నడును పడకుండ పోదురని మేము చెప్పుటలేదు. నాలుగుమారులు పడువారు మూడుమారులే పడుదురని మాత్రము చెప్పుచున్నాము. ఆ తప్పిన నాల్గవది తుంటి విరుగగొట్టు పాటు కావచ్చును. వాగు పొంగిన రాత్రి మంచము మోయవలసిన పాటు కావచ్చును. అట్టిదానిని ఒక్కదానిని తప్పించినను మీ పంచాయతీ చేసిన పని చిన్నది కాదు.

మీరు ఊరికి పోయిన పిమ్మట, నడక తగ్గిన పెద్దవారి ఇంటికి ఒకమారు పొండు. వసారాలో వారి ప్రక్కన కూర్చుండి, కాళ్లెట్లున్నవని అడుగుడు. గడపకు అతుకుకొనుచున్నవని వారు చెప్పినచో నవ్వకుడు. ఒక చేరెడు ముగ్గుపిండి తెప్పించి ఆ గడప ముందర రెండు గీతలు గీయుడు. మరునాడు వారిని వైద్యుని వద్దకు తీసికొనిపొండు. మీ పంచాయతీలలో ఈ పని త్వరలో మొదలగునని ఆశించుచున్నాము.